గడ్డ కరిగిందా?

పొద్దున్నుంచి గుర్వయ్య పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. స్కానింగ్‌కు ముందు ఏమీ తినకూడదని చెప్పారు. బస్టాండులో ఛాయ్ కూడా వద్దన్నాడు.

నల్గొండ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, గుట్ట నర్సన్నకు తలనీలాలిస్తానని మొక్కుకున్నాడు. భార్య సుక్కమ్మ మాత్రం దారిలో పచ్చిక కనిపించినప్పుడల్లా, మన గొర్రెలు ఇక్కడుంటే ఎంత బాగుండునో అంటూ మురిసిపోయింది.

ఎండాకాలమంతా హైదరాబాదులో వైద్యం నడిచింది. రోజూ కరెంటు, అదే రేడియేషన్, పెట్టేవారు. ఆ వైద్యం ముగిసేసరికి గుర్వయ్య మనిషి సగమయ్యాడు. చొక్కాలు వదులయ్యాయి. ఊళ్లోవాళ్లు చూసి అయ్యో అన్నారు. గడ్డ కరిగిందో లేదో ఇవాళ ఎమ్మారైలో తేలాలి.

స్కానింగ్ సెంటర్‌లో వంతు దగ్గరపడేకొద్దీ అతని కాళ్లు వణికాయి. ఎదురు బెంచీ మీది ముసలమ్మ అతని వాలకం చూసి, జర ఒరగమని తన పక్కన జాగా ఇచ్చింది.

"గడ్డ ఇంక అట్లనే ఉంటె?" అన్నాడు గుర్వయ్య.

"ఉంటె మళ్ల వైద్యం జేపిచ్చుకుందాం. ఉరికే పొట్టేలును కొమ్ములు వట్టి ఆపేటోనివి, గిట్ల వణుకుతవేందయ్యా" అంది సుక్కమ్మ, అతని వీపు నిమురుతూ.

ఒంటిమీద లోహం ఉండకూడదని నర్సు వచ్చి చెప్పింది. గుర్వయ్య చేతి వెండి కడియం తీసి జేబులో వేసుకున్నాడు. మొలతాడు కూడా విప్పబోతుంటే, అది ఉన్నా ఫరవాలేదంటూ నర్సు నవ్వాపుకుంది.

తలుపు మూసుకుంది. యంత్రం మొదలైంది. బోనాల డప్పుల్లా ఒకటే మోత. కదిలితే బొమ్మ చెడిపోతుందని ముందే చెప్పారు. గుర్వయ్య కళ్లు గట్టిగా మూసుకుని కట్టెలా బిగుసుకుపోయాడు. ముక్కు మీద ఈగ వాలినా కదల్లేదు. ఊపిరి కూడా చిన్నగానే తీశాడు.

మోత ఆగాక సుక్కమ్మే అతని చేతికి కడియం తొడిగింది.

సాయంత్రం డాక్టర్ స్నేహలత పాత ఫిల్మునూ కొత్తదాన్నీ వెలుతురుకు పక్కపక్కన పెట్టింది. పాతదాంట్లో కోడిగుడ్డంత గడ్డ. కొత్తదాంట్లో ఆ జాగా శుభ్రంగా ఉంది. ఇక అప్పుడప్పుడు వచ్చి చూపించుకుంటే చాలంది.

గుర్వయ్య భోరుమన్నాడు. ఏడుస్తూనే నవ్వాడు. నవ్వుతూనే లేచి, దండం పెట్టబోయి తూలాడు.

డాక్టరమ్మ అతని భార్య వైపు తిరిగి అంది, "నీ గర్భసంచి క్యాన్సర్ ఆనవాలు లేకుండ పోయింది సుక్కమ్మా, ఇగ జర మీ ఆయనను పట్టుకో."