తొమ్మిదో షరతు

“ఒప్పుకున్నరు సార్! ఒప్పుకున్నరు!”

రొట్టెల పిండి అంటిన చేత్తోనే ఫోను పట్టుకుని షారోన్ ఇంట్లోంచి వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. క్రాంతి కుమార్ నిచ్చెన మీద నిలబడి, ‘క్రాంతి డ్రైవింగ్ స్కూల్, బోధన్’ అన్న బోర్డు మేకులు పీకుతున్నాడు. పెళ్లయి నలభై రోజులైనా ఆమెకు అతను సారే. కారు నేర్చుకోవడానికి వచ్చి, నేర్పిన మనిషినే చేసుకుంది మరి.

“ఎవరు ఒప్పుకున్నరు?”

“కమిటీ! డ్రైవర్ లేని బండ్లకు సర్కారు రూల్స్ రాస్తున్నది, జనం ఏమనుకుంటున్నరో చెప్పుమన్నది గద? నేను పంపిన తొమ్మిది షరతులు తొమ్మిదీ ఒప్పుకున్నరు. ఆ మేకు మళ్ల కొట్టు!”

క్రాంతి నిచ్చెన మీదే కూలబడ్డాడు. నెల రోజులుగా స్కూల్లో ఒక్కరూ చేరలేదు. ‘బండ్లు వాటంతటవే నడుస్తయట, ఇగ నేర్చుకునుడెందుకు?’ అని అడిగిపోయినవాళ్లే అందరూ.

“చదువు... మొత్తం చదువు,” అన్నాడు.

షారోన్ గొంతు సవరించుకుంది. “ఏ జిల్లాల నడవాల్నన్నా, ఆ బండి ముందుగాల ఆ జిల్లా డ్రైవింగ్ స్కూల్ల నేర్చుకోవాలె. వెనక లైటు లేని చెరుకు ట్రాక్టర్‌ను గుర్తుపట్టాలె. సగం రోడ్డు మీద మక్కలు ఆరబోస్తే తొక్కకుండ పోవాలె. పెండ్లి బరాత్ అడ్డమొస్తే హారన్ కొట్టకుండ ఆగాలె. నన్ను నాలుగుసార్లు ఫెయిల్ చేసిన ఇన్‌స్పెక్టర్ సారే దానికీ పరీక్ష పెట్టాలె...”

“గది కోపంతోని రాసినవ్!”

“కోపమైతేంది? ఒప్పుకున్నరు గద!”

గడప మీద కూర్చుని బియ్యం ఏరుతున్న అత్త బాలవ్వ తలెత్తింది. “డ్రైవర్ లేని కారుకు డ్రైవింగ్ నేర్పుతవారా? మాట ఇనకుంటే దాని చెవి యాడుందని మెలేస్తవు?”

“పక్కకు రెండద్దాలున్నయి గద అత్తమ్మా, గవే చెవులు!”

బాలవ్వ చేటలోని బియ్యం ఒలికిపోయేలా నవ్వింది.

“మరి తొమ్మిదోది?” అన్నాడు క్రాంతి, అప్పటికే రెండు మేకులు తిరిగి కొట్టేసి.

“ఆఖరి పరీక్ష. రోడ్డు మీద ఎదురుగ ఒక బండి రావాలె. అది ఎటు తిరుగుతదో, ఎప్పుడు ఆగుతదో ఎవ్వరి అంచనాకు అందొద్దు. దాన్ని తప్పించుకుంటేనే పాస్.”

ముగ్గురికీ ఒక్కసారే ఒకే మనిషి గుర్తొచ్చాడు. అనుకున్నంతలోనే వీధి మలుపులో ట్రాక్టరు చప్పుడైంది. లింబాద్రి ఎడమకు సిగ్నల్ వేసి, కుడివైపు చెయ్యి చూపించి, సూటిగా వాళ్ల వాకిట్లోకే వచ్చి ఆగాడు.

“లింబాద్రన్నా, నువ్వు సర్కారు పరీక్షల బండి నడపాలె!” అంది షారోన్. సంగతంతా చెప్పింది.

లింబాద్రి మీసం దువ్వాడు. “ఎడపల్లి దాంక నన్ను మించినోడు లేడు చెల్లే. కొత్త అంగీ ఏసుకొని వస్త.”

అంతలో క్రాంతి ఫోను మోగింది. కమిటీ ఆఫీసు నుంచి. షారోన్ రెండు చేతులూ జోడించి గుండెకు ఆనించుకుంది. చీరంతా పిండి.

“నమస్తే సార్... మా స్కూలేనా? మొదటి కారు మా దగ్గరికేనా?... తప్పకుండ సార్! ఎదురుబండికా? మా ఊర్ల లింబాద్రని...”

అక్కడ ఆగిపోయాడు. వింటున్నాడు. కళ్లు మెల్లగా షారోన్ వైపు తిరిగాయి. పెదవి కొరికి నవ్వు ఆపుకుంటూ, “అట్లనే సార్, నేను చెప్త,” అని ఫోను పెట్టేసి నిచ్చెన దిగాడు.

“ఏమన్నరు? లింబాద్రన్న పేరు రాసుకున్నరా?”

“ఆయన సరిపోడట. లైసెన్సు ఆఫీసు రికార్డులు చూసి వాళ్లే తీసిన్రట.” క్రాంతి ఆమె బుగ్గ మీద పిండి తుడిచాడు. “ఈ సంవత్సరం మన జిల్లాల నాలుగుసార్లు ఫెయిలైనోళ్లు ఒక్కరే ఉన్నరట. కారు నేర్చుకున్నంక, ఆఖరి పరీక్షల ఎదురుబండి నువ్వే నడపాలె, మేడం.”