గ్రహం భాష

"తమ్ముడూ, చచ్చాంరా! ఈయన ఇక్కడికి ఊడిపడ్డాడేంటి?"

డబ్బింగ్ అక్క పెదవి కదపకుండా, సౌండ్ తమ్ముడి హెడ్‌ఫోన్‌కి మాత్రమే వినపడేలా మైకులో గొణిగింది. అద్దానికి అవతల డైరెక్టర్ కుర్చీ లాక్కుని కూర్చుంటున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన రికార్డింగ్ గది గడప తొక్కడం ఇదే మొదలు.

అక్క కంగారుకి కారణముంది. ఆ అంతరిక్షం సీరియల్లో గ్రహవాసులందరికీ గొంతు ఆమెదే. ఆమె తెలుగులో చెబుతుంది, సౌండ్ తమ్ముడు దాన్ని వెనక నుంచి ముందుకి తిరగేస్తాడు. అదే గ్రహం భాష. ఎలాగూ తిరగేసేదే కదా అని అక్క రాసిచ్చింది చదవడం ఎప్పుడో మానేసింది. ఫోన్లోనే పెత్తనం చేసే డైరెక్టర్ని కడుపారా తిట్టేది. ఏ తిట్టుకైనా ముక్తాయింపు ఒకటే: "దమ్ముంటే ఎదుటికి రారా!"

ఆ తిట్లు వారం వారం ఉపగ్రహం ఎక్కి ఆకాశమంతా తిరిగొచ్చేవి. తిరగేస్తే ఎంత గంభీరంగా ఉండేవంటే, జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఒక జంట ఆ భాషలోనే ప్రేమించుకుని పెళ్ళి చేసుకుందట. వాళ్ళ పిల్ల వెనక నుంచి ముందుకి ఏడుస్తుందట.

తమ్ముడు లోపలికొచ్చి మైకు సర్దుతున్నట్టు నటించాడు. "ఈ పూట రాసింది రాసినట్టు చదువక్కా. వెయ్యో ఎపిసోడ్. టైటిల్స్‌లో మొదటిసారి నీ పేరు పడుతోంది. నోరు జారావో, పేరూ పోతుంది, పనీ పోతుంది."

అక్క బడిపిల్లలా చదివింది. "మిత్రులారా, మీ రాక కోసం ఎదురుచూస్తున్నాం."

"బ్రహ్మాండం!" డైరెక్టర్ మురిసిపోయాడు. "ఏదీ, తిరగేసి వినిపించు."

గ్రహం భాష మోగింది. అందులో అక్క చదివింది అయిపోయింది. భాష మాత్రం ఆగలేదు. ఎవరో చాలామంది, ఒకే ఊపిరితో, ఇంకా మాట్లాడుతున్నారు.

"ఇదెప్పుడు చెప్పావమ్మా?"

"నేను చెప్పలేదు సార్."

"పాత ఎపిసోడ్ ముక్కేదో కలిసినట్టుంది సార్," తమ్ముడు నీళ్ళు నమిలాడు. "తీసేస్తాను."

"తీసెయ్యకు. ఆ ముక్కని మళ్ళీ తెలుగులోకి తిప్పు, వింటాను."

పాత ముక్కంటే పాత తిట్టే. అక్క వద్దు వద్దని అద్దం వెనక నుంచి చేతులూపింది. డైరెక్టర్ అది టాటా అనుకుని తనూ ఊపాడు. తమ్ముడు దేవుడి మీద భారం వేసి మీట నొక్కాడు.

తిట్టు రాలేదు. అచ్చ తెలుగులో, చాలా మర్యాదగా వచ్చింది:

"దమ్ముంటే ఎదుటికి రమ్మన్నావు కదక్కా..."

డైరెక్టర్ నొసలు ముడిచాడు. "ఎవర్నమ్మా రమ్మన్నావు?"

అక్క తలుపు వైపు తిరిగింది. బయట బాంబు పేలినా వినపడని ఆ గది తలుపుని ఎవరో మెల్లగా తడుతున్నారు.

స్పీకర్లో ఆ గొంతులు మాట పూర్తి చేశాయి:

"...మేమే. తలుపు తియ్యి."