పళ్ళ డాక్టరు గారి చెక్క కారు

"ముట్టుకోకు!"

పళ్ళ డాక్టరు పెట్టిన కేకకి కూతురు చెయ్యి వెనక్కి లాక్కుంది. బయట బెంచీ మీద బుగ్గ వాచిపోయి కూర్చున్న పేషెంటు కూడా ఉలిక్కిపడి తన బుగ్గ మీంచి చెయ్యి తీసేశాడు.

"కారు నాదే కదా నాన్నా?"

"నీదేనమ్మా. కాదన్నానా? చూసుకో. చూడ్డానికి చేతులెందుకు?"

పళ్ళు అరగదీసే మిషన్‌తో ఆయన ఆ బుల్లి చెక్క కారు ముక్కుని ఇంకోసారి నున్నగా అరగదీశాడు. మధ్యాహ్నం బడిలో పందెం. మూడో తరగతి పిల్లలు సొంతంగా చేసిన కార్లని ఏటవాలుగా పెట్టిన ట్రాకు మీంచి వదలాలి. ఏది ముందు కిందికి చేరితే దానికి కప్పు.

"ఏమండీ, ఆ కారుకి పిప్పిపన్నేమైనా ఉందా? బయట ఆ మనిషి నొప్పితో చస్తున్నాడు," అంది భార్య తలుపు దగ్గర నిలబడి.

"నొప్పి రేపూ ఉంటుంది. పందెం ఇవాళే. మీ తమ్ముడు ఊరికే ఉంటాడనుకున్నావా? ఇంజినీరునని తెగ మిడిసిపడుతున్నాడు. ఇవాళ వాడి పొగరు అణచకపోతే నా పేరు మార్చుకుంటాను."

ఆ ఇంజినీరు బావమరిది కొడుకూ, డాక్టరు కూతురూ ఒకటే క్లాసు.

బడి హాల్లో పిల్లలంతా గోడవారన చేతులు కట్టుకుని, కిక్కురుమనకుండా కూర్చున్నారు. అంత బుద్ధిగా వాళ్ళని ఎప్పుడూ చూడని టీచరమ్మ మురిసిపోయింది.

"కార్లు పిల్లలే చేశారు కదండీ?" అని అడిగింది.

తండ్రుల్లో ఒకాయన ఫ్యాన్ వంక చూశాడు. ఇంకొకాయన వేళ్ళకంటుకున్న జిగురు కనపడకుండా చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. డాక్టరు మాత్రం గుండె మీద చెయ్యేసుకుని, "మా అమ్మాయే. నన్ను దగ్గరికి కూడా రానివ్వలేదు," అన్నాడు.

పందెం మొదలైంది. వకీలు గారి కారు సగం దారిలో ఆగిపోయి వాయిదా అడిగింది. బ్యాంకు మేనేజరు గారి కారుకి ఒక చక్రం ఊడి, మిగతా కారు కంటే ముందే కిందికి చేరింది. చివరికి రెండే మిగిలాయి. డాక్టరుదీ, ఇంజినీరుదీ.

కూతురు వచ్చి తండ్రి చొక్కా లాగింది.

"నాన్నా, మావయ్య మన కారు చూసి నవ్వాడు."

"నవ్వాడా?"

"కట్టుడుపళ్ళకి చక్రాలు తగిలించినట్టుంది అన్నాడు."

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. అటువైపు ఇంజినీరు కొడుకు కూడా తండ్రి చెవిలో ఏదో ఊదుతున్నాడు. వింటున్నకొద్దీ ఆయన మీసం అదురుతోంది.

"ఏమోయ్, ఆ కారు కడుపులో ఏముంది?" అన్నాడు డాక్టరు గట్టిగా.

"చెక్కే బావా."

"చెక్కేనా? బరువు కోసం సీసం కూరలేదూ?"

"కూరడం మీ పని బావా. ఊళ్ళో అందరి నోళ్ళలోనూ కూరుతున్నారుగా."

"సార్, ఇద్దరూ కాస్త వెనక్కి జరగండి," అంది టీచరమ్మ కంగారుగా. "ట్రాకు మీద చెయ్యి పడితే ఆ కారుని పందెంలోంచి తీసేస్తాను."

ఈల వేసింది. కార్లు రెండూ పక్కపక్కనే జారాయి. సగం దూరం దాకా సమానంగా వచ్చాయి. అక్కడ ఆయన కారు ఓ రవ్వ మందగించింది. ఇంజినీరు కారు ముక్కు ముందుకొచ్చింది.

"నాన్నా, వెనకబడిపోతోంది!" కూతురు గొంతు చించుకుంది. "ఏదో ఒకటి చెయ్యి నాన్నా!"

కన్నకూతురు అలా అరిస్తే ఏ తండ్రి ఊరుకుంటాడు? డాక్టరు ఒక్క గెంతున వెళ్ళి ట్రాకు మీద పడి, కారుని వేలితో ముందుకు తోశాడు.

"అన్యాయం!" అంటూ ఇంజినీరు ఆయన మీద పడ్డాడు. ఇద్దరు పెద్దమనుషుల బరువుకి ట్రాకు ఫెళ్ళున విరిగింది. ఇంజినీరు మోచెయ్యి డాక్టరు డొక్కలో దిగింది. డాక్టరు నెత్తి ఇంజినీరు మూతికి తగిలింది.

"అబ్బా, పన్ను కదిలింది!"

"నోరు తెరువు, చూస్తాను," అన్నాడు డాక్టరు అలవాటు కొద్దీ, ఆయన కాలరు మాత్రం వదలకుండా.

టీచరమ్మ ఇద్దరినీ లేవదీయించి, రెండు కార్లనీ పందెంలోంచి తీసేసింది. ఒట్టి చెక్కముక్కకి నాలుగు చక్రాలు మేకులతో కొట్టుకుని తెచ్చి, మూడో స్థానంలో నిలిచిన ఒక పిల్లకి కప్పు ఇచ్చేసింది.

డాక్టరుకి తల ఎత్తాలంటే సిగ్గేసింది. చిరిగిన చొక్కాతో కూతురి ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తప్పైపోయిందమ్మా. నా మూలంగా నీ పందెం పోయింది."

గోడవారనున్న పిల్లలంతా ఒక్కసారిగా లేచి చప్పట్లు కొట్టారు. కూతురు ఆయన మెడ చుట్టూ చేతులు వేసి, రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టింది.

"పోలేదు నాన్నా! ఎవరి నాన్న ముందు ట్రాకు మీద పడతాడా అని క్లాసంతా పందెం వేసుకున్నాం. నువ్వే ఫస్టు... ఏడాదంతా కిటికీ పక్క సీటు నాదే!"