తూర్పుముఖం ఓడ

“షిప్పు ముఖం ఏ దిక్కుకుండాది?” అని అడిగాడు జయరామప్ప.

మూడు ఫ్యాక్సులు పంపినా జవాబు రాక, విశాఖపట్నం నుంచి స్వయంగా బెళ్ళందూరులో ఓనరు ఆఫీసుకు వచ్చిన చీఫ్ ఇంజనీర్ జ్ఞానప్రకాశానికి ఆ ప్రశ్న తల తిరిగేలా చేసింది. ఆ ప్రయాణికుల ఓడ నలుగురు ఓనర్ల చేతులు మారి, నిరుడు వేలంలో జయరామప్పకు దక్కింది. రాగిచేలను ఇళ్ళ సైట్లు చేసి అమ్మి కోటీశ్వరుడైన మనిషి. సముద్రాన్ని క్యాలెండరులో తప్ప చూసిన పాపాన పోలేదు.

“చుక్కాని పట్టేసిందండి. నెలాఖరుకు తనిఖీ ఉంది. అప్పటికి బాగవకపోతే ఓడ తుక్కుకి పోతుంది. అరవై మందిమి రోడ్డున పడతామండి.”

“అదుండనీప్పా. ముఖం చెప్పు.”

“ఇప్పుడు రేవులో కట్టేసి ఉందండి. పడమరకు.”

పక్కనున్న వాస్తు సిద్ధాంతి మునినారాయణప్ప తొడ చరిచాడు. “నేను చెప్పలేదా? ముందు నలుగురూ దివాళా తీసింది దానికే!”

ఆ నలుగురూ ఓడకు పేరు మార్చారు, రంగు మార్చారు. ఇంజన్లో చుక్క నూనె పోయించిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. ఆ మాట జ్ఞానప్రకాశం నోటిదాకా వచ్చింది. అరవై మందీ గుర్తొచ్చి మింగేశాడు.

“ఓడకు దిక్కేమిటండీ? వెళ్ళేటప్పుడు ఒకవైపు, వచ్చేటప్పుడు ఒకవైపు.”

“అట్లయితే వచ్చేటప్పుడు రివర్సులో రాండప్పా. నా లారీలు రావా?”

సిద్ధాంతి భేష్ అన్నట్టు తలాడించాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. జయరామప్ప ఆయన్ని అలాగే నమ్ముతాడు.

జ్ఞానప్రకాశానికి ఒళ్ళు మండింది. వీళ్ళకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే అనుకున్నాడు. అంతలో ఓ ఉపాయం తట్టింది. గొంతులో వినయం పోశాడు.

“సిద్ధాంతిగారు చెప్పింది నిజమేనండి. ఇరవై ఏళ్ళుగా ఆ ఓడలోనే ఉన్నాను, నా బుర్రకే తట్టలేదు. మీరు ఊఁ అంటే తూర్పుకు తిప్పేస్తాం. కాకపోతే తిప్పడానికి చుక్కాని పనిచేయాలి కదండీ!”

సిద్ధాంతి వేళ్ళు లెక్కపెట్టి, “వచ్చే ఆదివారంలోగా తిప్పాల. ఆమీద మూఢం,” అన్నాడు.

“ఈ మాట ముందే చెప్పుంటే నీ సొమ్మేం పోయింది ఇంజనీరప్పా?” అంటూ జయరామప్ప అతను తెచ్చిన రిపేరు కాగితం మీద టక్కున సంతకం పెట్టేశాడు.

చుక్కాని అంటే వినని చెవులు తూర్పు అనగానే విన్నాయి! జ్ఞానప్రకాశం లోపల్లోపల పగలబడి నవ్వుకున్నాడు. తన అరవై మందీ బతికిపోయారు. కాగితం జేబులో భద్రంగా పెట్టుకుని, దండం పెట్టి తలుపుదాకా వెళ్ళాడు.

“ఇదో, ఇంజనీరప్పా!” వెనకనుంచి కేకేశాడు జయరామప్ప. “తూర్పుకు తిప్పినాంక, మళ్ళా తిరగకుండా ఆ చుక్కానికి వెల్డింగ్ కొట్టించేయ్!”