బామ్మర్ది కట్టిన బాత్రూం

నాలా పొంగి హంటర్ రోడ్డు మునిగిన ఏడాది, దసరా ముంగిట, రాయమల్లు కొత్త బాత్రూం గుమ్మంలో నిలబడి బామ్మర్దిని తిడుతున్నాడు.

వరదకు పాత బాత్రూం గోడ కూలింది. మునిగిన పత్తి చేను చూసుకోవడానికి ఆయన రఘునాథపల్లి పోయి నెల ఉండి వచ్చేలోగా, భార్య సోమక్క తన తమ్ముడు కుమారస్వామిని పిలిపించి కొత్తది కట్టించింది. కుమారస్వామి చేసేది ఇళ్లు కట్టే కాంట్రాక్టు పనే.

"ఇది బాత్రూమా, బర్లకొట్టమా? గింత వెడల్పు తలుపెందుకురా? పెండ్లి బరాతు లోపలికి పోవాల్నా?"

కుమారస్వామి తలుపు గొళ్లెం వేసి తీసి చూశాడు.

"నోట్లె బెల్లం పెట్టుకున్నవా? గుమ్మానికి గట్టేది? నీళ్లన్నీ హాల్లకే వస్తానయి. మొన్న మీ అక్క జారి పడ్డది, ఎరికేనా?"

"గుమ్మంకాడ నీళ్లు పోయే జాలి పెద్దది పెడుత బావా. హాల్లకు రావు."

"నల్లా మోకాలికాడ, సింకు తొడలకాడ. ఎవలకోసం కట్టినవ్? అంగన్‌వాడీ పిల్లలకా?"

"ఉండనీయరాదయ్యా, అలవాటైతది," అంది సోమక్క వంటింట్లోంచి.

"నువ్వంటవు మరి! మీ తల్లిగారోడాయె. వేరేటోడు గిట్ల చేస్తే చీపురు తీసుకొని తరిమేదానివి."

కోపంగా విసవిసా హాల్లోకి వచ్చాడు. కుడికాలి చెప్పు వెనకే ఉండిపోయింది. ఆయన చూసుకోలేదు. సోమక్క దాన్ని తెచ్చి కాలి దగ్గర పెట్టింది.

"ఈ చెప్పులు గూడ మీ తమ్ముడే కొన్నడా? కాళ్లకు ఆగుతలేవు," అన్నాడు. తర్వాత కుమారస్వామి వైపు వేలు చూపించాడు. "ఇగ నా గడప తొక్కకు. దసరనాడు జమ్మి పట్టుకొని గూడ రావద్దు. పో."

సోమక్కకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. జమ్మి ఆకు బావ చేతిలో పెట్టి, కౌగిలించుకొని అలాయ్ బలాయ్ తీసుకోని దసరా వాడికి ఇంతవరకు లేదు. కుమారస్వామి ఏదో చెప్పబోయి అక్క వైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. వాడు బండి తీసుకొని వెళ్లిపోయాడు.

మరుసటి వారమే రాయమల్లు మేస్త్రీ జానీ మియాను పిలుచుకొచ్చాడు. ఏ మేస్త్రీ అయినా ఇంకొకడు చేసిన పని చూడగానే మొదట అనే మాటే అతనూ అన్నాడు.

"ఎవడు కట్టిండన్నా దీన్ని?"

"ఉన్నడులే ఒక సన్నాసి. తప్పులేందో చెప్పు."

"ఏది చెప్పాలె? తలుపు ఏదో దవాఖాన పనిల మిగిలింది తెచ్చి బిగించిండు. నల్లా కింద పెట్టి పైపు మిగిలించుకున్నడు. గట్టు కట్టక బండ మిగిలించుకున్నడు. మొత్తం దొంగ పని."

"విన్నవా?" రాయమల్లు వంటింటి వైపు అరిచాడు. "నేనంటే కోపమంటవ్. ఇగో, బయటోడు గూడ గదే అంటాండు!"

సోమక్క చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "జానన్నా, ఏమన్న చెయ్యి గానీ, తలుపు ముట్టకు."

"తియ్, ముందు తలుపే తియ్," అన్నాడు రాయమల్లు. "తీసి ఈమె చేతుల పెట్టు. బొట్టు పెట్టి పూజ చేసుకుంటది."

సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. దెబ్బ పడ్డప్పుడల్లా సోమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాయమల్లు చూశాడు. తమ్ముడి పని పగులుతుంటే ఆమె కడుపు కాలుతోందని అనుకున్నాడు. దాంతో ఇంకా మండింది.

"ముప్పై ఏండ్ల నుంచి నా అన్నం తింటానవు. ప్రాణం మాత్రం తల్లిగారింట్ల పెట్టినవు. తమ్ముడు ఏం చేసినా సై. నేను జారి నడుం ఇరగ్గొట్టుకుంటే నీకు ఫికర్ లేదు."

ఆమె ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. పని నడిచినన్ని రోజులూ ఇంట్లో మాటల్లేవు.

గుమ్మం సగానికి ఇటుకలు పేర్చి ఇరుకు తలుపు బిగించారు. నల్లా, సింకు పైకి లేపారు. గుమ్మంలో నల్లబండతో గట్టు కట్టారు. అంతా ఆరాక జానీ మియా మురిపెంగా పిలిచాడు.

"నడిచి చూడన్నా. ఇగ చుక్క నీరు బయటికి రాదు."

రాయమల్లు మీసం మీద చెయ్యి వేసుకొని నడిచాడు. కుడికాలి వేళ్లు గట్టుకు తగిలాయి. అమాంతం ముందుకు పడి, నల్లా పట్టుకొని మోకాళ్ల మీద ఆగాడు.

"నువ్వు గూడ వాని అసొంటోడివేనా? గింత ఎత్తు కడుతరా గట్టు? మనుషులు నడువాల్నా, గోడ దుంకాల్నా?"

"బెత్తెడు గూడ లేదన్నా! మా మనుమరాలు దాటుతది. జర కాలు లేపి నడువు."

"లేపిన్రా! లేపకుండ నడుస్తరా ఎవలన్నా? పగలగొట్టు దీన్ని!"

సోమక్క వచ్చి ఆయన చంకల కింద చేతులు వేసి లేపింది. "జానన్నా, నువ్వు పోయిరా. మల్ల పిలుస్త," అని మేస్త్రీని పంపి వీధి తలుపు వేసింది. ఆయనను హాల్లో మంచం మీద కూర్చోబెట్టి, తాను కింద కూర్చుంది.

"అందరూ నా దుష్మన్లే," అన్నాడు రాయమల్లు. "ఒక్కడికి పని రాదు. మొదలు చెడగొట్టింది మీ తమ్ముడు. వాన్ని..."

"తమ్మున్ని ఇంకో మాట అనకు. గట్ల కట్టుమన్నది నేనే."

"నువ్వా? నీకేం పుట్టిందే?"

"వరద రాకముందు నడుంనొప్పని స్కానింగుకు పోయినం కదా," అని మొదలుపెట్టింది సోమక్క. "డాక్టరు నిన్ను బయట కూసోబెట్టి, నన్నొక్కదాన్నే లోపలికి పిలిచిండు..."

మిగతాది మెల్లగా చెప్పింది. ఆమె చెప్పడం అయిపోయాక ఆయన కుడిపాదం వేళ్లు పైకి లేపి చూడబోయాడు, అవి నేలను వదల్లేదు.

మరునాడు పొద్దున రాయమల్లు బామ్మర్దికి ఫోన్ చేసి, తన చక్రాల కుర్చీకి తలుపు ఎంత వెడల్పు ఉండాలో అడిగాడు.