మేఘవీర్ అసలు పేరు

“పేరు పెట్టేది మేనత్త. అమ్మమ్మ కాదు!” అంది సునంద, పిల్లవాణ్ని ఒడిలోంచి దింపకుండా.

“నువ్వే పెట్టు బిడ్డా, నేను వద్దన్ననా? కాకుంటె మా పటేలు పేరు పెట్టు,” అంది కౌసల్యమ్మ. మొగుడి పేరు నోటితో పలకదు కాబట్టి గోడకున్న పటం వైపు చెయ్యి చూపించింది. పూలదండ కింద కీర్తిశేషులు శేషారెడ్డి మీసం దువ్వుకుని కూర్చున్నాడు.

“అది ముసలోళ్ల పేరు అత్తమ్మా. నేను మేఘవీర్‌కు మొక్కిన. ఆయన అసలు పేరే పెడత.”

మేఘవీర్ అంటే ఏ ఊరి దేవుడో అనుకునేరు. ఆదివారం పొద్దున టీవీలో వచ్చే హిందీ సీరియల్ హీరో. నీలం ముసుగు వేసుకుని ఆకాశంలో ఎగురుతాడు. తమ్ముడు భూపాల్ పెళ్లానికి నొప్పులు కష్టమైన పూట సునంద ఆ ముసుగువాడికే మొక్కింది. ముక్కోటి దేవుళ్లుండగా వీడేమిటమ్మా అంటే ఏం చెబుతాం, మొక్కు మొక్కే. తీరా ఆ మహానుభావుడు ముసుగు తియ్యడు, పేరు చెప్పడు. ఇక్కడేమో పిల్లవాడికి ఇరవై ఒకటో రోజు వచ్చేసింది. జనగామలో అమ్మమ్మ ఇంట్లో తొట్టెల కట్టారు. రెండు వందల మందికి వంటయింది. పది గంటలకు ముహూర్తమని పంతులు తొందరపెడుతున్నాడు.

“మొదట్ల వాని కథ గాలిలెక్క ఉరికె. ఇప్పుడు ఐదు వారాల సంది మెట్లెక్కుతనే ఉన్నడు,” అంది కౌసల్యమ్మ. “వాడు మేడెక్కేసరికి మనోడికి మీసాలొస్తయి.”

“అమ్మ చెప్పేది నిజమే మరదలా,” అన్నాడు ఆమె కొడుకు జగపతి. బళ్లో హిందీ పండిట్. “ఒక వారం చెయ్యి లేపుతడు. ఇంకో వారం వాళ్లమ్మ ఏడుస్తది. మూడో వారమంతా విలన్ నవ్వుడే. గింత కథను గంత సాగదీసుడు నేనెక్కడ చూడలే.”

సునందకు ఆ సంగతి తెలియక కాదు. ఆ నత్తనడకకు అందరికంటే ఎక్కువ మండిపోతున్నది ఆమే. కానీ పరాయివాళ్లు అంటే ఊరుకుంటుందా?

“పోయిన వారం ముసుగు అంచు పట్టుకున్నడు. ఇయ్యాల చెప్తడు.”

“చెప్పకుంటె?”

“నేను నోరు తెరువ. వచ్చే ఐతారం దాక ఆగుండ్రి.”

కౌసల్యమ్మ వంట గిన్నెల వైపు తిరిగింది. మేనత్త నోరు తెరవకపోతే పేరెవరు పెడతారు? వండిన వంటంతా ఏమైపోవాలి? ఆమె కొడుకు వైపు దీనంగా చూసింది.

“ఆయన ఏం పేరంటె గదే పెట్టాలె. మళ్ల మాట తప్పొద్దు,” అన్నాడు జగపతి.

“తప్పను బావా,” అంది సునంద.

అతను టీవీ పెట్టాడు. వచ్చిన చుట్టాలంతా చాపల మీద సర్దుకున్నారు. మేఘవీర్ రెండు మెట్లెక్కాడు. ఆగాడు. వెనక్కి తిరిగి ఊరంతా చూశాడు. వాళ్లమ్మ పది నిమిషాలు ఏడ్చింది. డోర్నకల్ రైలు దిగి అప్పుడే వచ్చిన దేవ్యా, లోపల జాగా లేక గడప దగ్గరే నిలబడి చూశాడు. భూపాల్‌తో పాటు రైల్వేలో పనిచేస్తాడు.

చివరికి మేఘవీర్ ముసుగు తీసేశాడు! హాలంతా ఈలలు. సునంద పిల్లవాణ్ని గుండెకు హత్తుకుంది.

“మేరా నామ్...” అన్నాడు మేఘవీర్. ఢాం ఢాం అని సంగీతం. బొమ్మ ఉన్నచోటే ఆగిపోయింది, దాని మీద హిందీ అక్షరాలు పడ్డాయి. సునంద ఈ అక్షరాలు ఎన్నడూ చూసి ఎరగదు. తన ఊరు నర్మెట్టలో చివరి సంగీతం మొదలైతే చాలు, పంచాయతీ నౌకరు యాకయ్య అక్కడి టీవీ కట్టేసి తాళం వేసేవాడు.

“బావా, పేరు రాసిండ్రు! సదువు, జల్ది సదువు!”

జగపతి లేచి వెళ్లి మొదటి మాట మీద వేలు పెట్టాడు.

“శేష్!” అని చదివి టీవీ కట్టేశాడు.

కౌసల్యమ్మ మొగుడి పటానికి రెండు చేతులూ జోడించింది. సునంద ముఖం మాడిపోయింది.

“అబద్ధం. ఒట్టు పెట్టు.”

“సరస్వతి మీద ఒట్టు. గాడ శేష్ అని లేకుంటె నా నౌకరీ ఊడిపోనీ.”

చదువులతల్లి మీద ఒట్టేసిన పండిట్‌ను ఎవరు కాదంటారు? సునంద కోపమంతా మేఘవీర్ మీదికి మళ్లింది. లోకంలో ఇన్ని పేర్లుండగా వీడికి ఆ పేరే దొరికిందా? “నిన్ను నమ్మి మొక్కిన కదరా! నాతోనే గింత మోసమా?” అని కట్టేసిన టీవీని పట్టుకుని తిట్టింది. ఎంత తిడితే ఏం లాభం, మాటిచ్చిన మనిషాయె. కళ్లు తుడుచుకుని వంగి పిల్లవాడి చెవిలో మూడుసార్లు “శేషు” అంది. పంతులు అక్షింతలు వేశాడు.

భోజనాల దగ్గర కౌసల్యమ్మ కొడుకు విస్తట్లో నెయ్యి పోస్తూనే ఉంది. సునందకు ముద్ద దిగలేదు. అయినా పెట్టిన పేరు సగంలో వదిలెయ్యడం ఆమెకు నచ్చలేదు.

“బావా, శేష్ పక్కన ఇంకా రెండు మాటలుండె. అది ఆయన ఇంటిపేరా?”

జగపతికి పొలమారింది. అతను నీళ్ల కోసం తడుముకుంటుంటే, ముందు జరిగిన ఈ గొడవేదీ తెలియని దేవ్యా పక్క విస్తరి నుంచి మాట అందుకున్నాడు.

“ఇంటిపేరేంది అక్కా? ‘శేష్ అగ్లే సప్తాహ్’ అని ఉండె. మిగిలిన కథ వచ్చే వారం అని!”