ఈ నెల ఉత్తమ ‘కాదు’

“ఎవరికైనా అభ్యంతరం ఉందా?” అని అడిగాడు హెండ్రిక్.

మీటింగు హాల్లో పద్దెనిమిది మంది ఉన్నారు. పద్దెనిమిది మందీ నవ్వారు.

“చాలా బాగుందండి,” అన్నారు.

హెండ్రిక్ హాలండ్ నుంచి వచ్చిన కొత్త ఎండీ. కైకలూరు దగ్గర వాళ్ళ కంపెనీ కొన్న రొయ్యల ప్లాంటుని నడపడానికి వచ్చాడు. తెర మీద కొత్త కోల్డ్ స్టోరేజీ ప్లాను వేసి చూపిస్తున్నాడు. అది కట్టబోయేది కొల్లేరు వైపు పల్లంలో. వానాకాలంలో అక్కడ రెండు వారాలపాటు నడుంలోతు నీళ్ళు నిలుస్తాయి. ఆ సంగతి గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా అందరికీ తెలుసు. అయినా అంత పెద్దమనిషిని ముఖం మీద కాదని ఎలా అంటారు? మర్యాద అనేది ఒకటుంది కదా.

“మా దేశంలో తప్పుని తప్పని ముఖం మీదే చెబుతాం,” అన్నాడు హెండ్రిక్. “ఇక్కడ ఎవరూ కాదనరు. ఇదొక జబ్బు. నన్ను ఎండీ అనుకోకండి. పేరు పెట్టి పిలవండి. నాకు కాదని చెప్పండి!”

“తప్పకుండా చెబుతామండి, హెండ్రిక్‌గారండీ,” అన్నాడు హెచ్.ఆర్. మేనేజరు ఈశ్వరరావు.

ఆ జబ్బుకి మందుగా హెండ్రిక్ బహుమతిగా ఒక కప్పు కూడా పెట్టాడు. ‘ఈ నెల ఉత్తమ కాదు’ అని దాని మీద చెక్కించాడు. ఎండీగారి మాట కాదనలేక, కాదనడానికి ఈశ్వరరావు ఒక టైంటేబులు వేశాడు. ఒక్కో సోమవారం ఒక్కో సెక్షను కాదనాలి. ఏం కాదంటారో ముందురోజే తనకి చూపించి సంతకం పెట్టించుకోవాలి.

స్టోర్సు వాళ్ళు “టీలో పంచదార కొంచెం తగ్గిందండి,” అన్నారు. ప్యాకింగు సాయిగణేష్ చేతులు కట్టుకుని నిలబడి, “మీరు భోజనం కూడా మానేసి ఇంత కష్టపడ్డం మాకేం నచ్చలేదండి,” అని తెగించి చెప్పేశాడు. కప్పు మాత్రం బీరువాలోనే ఉండిపోయింది.

హెండ్రిక్ నీరసంగా మళ్ళీ ఆ ప్లానే తెర మీద వేసేవాడు. “పోనీ, దీని మీద? కనీసం దీని మీద?” అని ఒక్కొక్కరి ముఖంలోకీ చూసేవాడు. నాలుగు నెలల్లో పదహారుసార్లు వేశాడు. నిజం వినాలని విదేశీయులకి అంత మోజు మరి. మధ్యలో ఒకసారి గంబూట్లు తొడుక్కుని పల్లంలోకి దిగి, పాత గోడ మీద వరదనీటి చారని ఫోటోలు తీసుకున్నాడు. గేదె కనిపించినా ఫోటో తీసే మనిషే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ప్లాను చూసినప్పుడల్లా కడుపు మండిపోయేది క్వాలిటీ సూపర్వైజరు రత్నకుమారికి. ఆమె కింద రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు రెండు వందల మంది ఉన్నారు. వాళ్ళలో పెద్దది యేసమ్మ.

“అక్కడ కడితే వరదకి సరుకంతా కుళ్ళిపోద్దండి,” అంది యేసమ్మ. “ప్లాంటు మూసేస్తే మేమెక్కడికి పోవాలండి? మీరైనా చెప్పండమ్మా.”

“చెబితే నా ఉద్యోగం ఉంటుందా?”

“చెప్పమని ఆయనే అడుగుతున్నారు కదండి?”

“అడగడం ఆయన మర్యాద యేసమ్మా. చెప్పకపోవడం మన మర్యాద.”

అలా అన్నదే గానీ ఆ మాట రత్నకుమారికే రుచించలేదు.

ఆ సోమవారం క్వాలిటీ సెక్షను వంతు. ‘చేతి తొడుగులు కొంచెం బిగుతుగా ఉన్నాయి’ అన్న అభ్యంతరానికి ఈశ్వరరావు సంతకం పెట్టి ఉన్నాడు. రత్నకుమారి లేచింది. చేతిలో ఉన్న ఆ కాగితాన్ని మడిచి బల్ల మీద పెట్టేసింది.

“అక్కడ కట్టకూడదండి,” అంది. “ఆ పల్లంలోకి ఏటా నీళ్ళొస్తాయండి. కోల్డ్ స్టోరేజీ మునిగిపోతుంది. మా వాళ్ళందరి బతుకులూ మునిగిపోతాయి. ఈ ప్లాను తప్పండి.”

ఏసీ హాల్లోనూ ఈశ్వరరావుకి చెమటలు పట్టాయి.

“ఆవిడ ఉద్దేశం అది కాదండి...”

“నా ఉద్దేశం అదేనండి,” అంది రత్నకుమారి.

హెండ్రిక్ లేచి నిలబడ్డాడు. అతని కళ్ళు చెమర్చాయి. గబగబా వచ్చి రత్నకుమారి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు.

“నాలుగు నెలలుగా ఈ మాట కోసమే ఎదురు చూస్తున్నాను!”

కప్పు బీరువాలోంచి బయటికి వచ్చింది. చెప్పిందంతా కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాడు హెండ్రిక్. ఆమె పూర్తి పేరు స్పెల్లింగుతో సహా అడిగి రాసుకున్నాడు. ముందుగా ఎండీగారు చప్పట్లు కొట్టారు కాబట్టి మిగతా అందరూ కొట్టారు. ఈశ్వరరావు అందరికంటే గట్టిగా కొట్టాడు.

రత్నకుమారి కప్పు పట్టుకుని తిన్నగా రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్ళింది. యేసమ్మ చేతులు తుడుచుకుని దాన్ని అందుకుంది.

“ముఖం మీదే కాదంటే మెచ్చుకున్నారాండి? ఎంత గుండె ధైర్యమండీ ఆయనది!”

“వాళ్ళ దేశంలో అంతే యేసమ్మా. ఎవరికీ భయపడరు,” అంది రత్నకుమారి. చాలా రోజుల తర్వాత ఆమె హాయిగా నవ్వింది.

అదే సమయంలో పై గదిలో హెండ్రిక్ తలుపు వేసుకుని, టై సర్దుకుని, హాలండ్ హెడ్డాఫీసులో ఉన్న తన పై అధికారికి మెయిల్ రాస్తున్నాడు: “సర్, మీరు స్వయంగా గీసి పంపిన ప్లాను అద్భుతంగా ఉంది, నాకైతే ఏ అభ్యంతరమూ లేదు, కాదంటున్నదల్లా ఇక్కడి రత్నకుమారి ఒక్కతే.”